ఎల్లమ్మకు బాన్సువాడే పరదేశం

కొత్తగా నల్లకోటు కుట్టించుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ప్రాక్టీసు మానేసిన మనిషిని కదా, తీరిగ్గా మాట్లాడతానని వాళ్ల ఆశ. హత్య కేసుల గురించి అడుగుతారు, భూమి తగాదాల గురించి అడుగుతారు. నేను వీసా కాగితాల దగ్గర మొదలుపెడతాను. వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. కాసేపయ్యాక మాత్రం కుర్చీలు ముందుకు జరుపుకుంటారు.

బాన్సువాడలో నేను చేసిన వకాలతులో సగం జడ్జి ముఖం చూడకుండానే జరిగింది. మొగుడొక దేశంలో, పెళ్లామొక దేశంలో ఉన్న ఇళ్లను ఒక్కచోటికి చేర్చడమే ఆ సగం. కోర్టులో గెలిచిన కేసులు చాలావరకు మరిచిపోయాను. ఈ ఇళ్లు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. ఆ పనిలో ఉన్నంత ఉత్సాహం నాకు మరే పనిలోనూ దొరకలేదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. అప్పట్లో చెబితే తోటి వకీళ్లు నవ్వేవాళ్లు.

వహీద్ సాబ్ చాయ్

మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోటగిరి దగ్గర నిజాంసాగర్ కాలువ కింద పొలం కొన్నారు. నేను పుట్టింది, పెరిగింది అక్కడే. లా చదివి బాన్సువాడ వచ్చి వహీద్ సాబ్ దగ్గర జూనియర్‌గా చేరాను. ఆయన ఉర్దూలో చదువుకున్న పాతకాలపు వకీలు. ఆడపిల్లను జూనియర్‌గా పెట్టుకున్నందుకు ఊళ్లో నాలుగు మాటలు పడ్డారు, ఒక్కటీ పట్టించుకోలేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. కక్షిదారు చెప్పే కథ మరీ నున్నగా ఉంటే మధ్యలో చెయ్యెత్తి ఆపేవారు.

"చాయ్ తాగి రాండ్రి. వచ్చినంక మల్ల చెప్పుండ్రి. గీసారి నిజం చెప్పుండ్రి."

ఆ చాయ్ విలువ నాకు ఒక కేసుతో తెలిసింది. బీర్కూర్ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భర్త విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు, ఆమెను పిలిపించుకోవాలని దరఖాస్తు పెట్టాడు. కాగితాలు చూసిన ఏజెంటు, పెళ్లి సాదాగా జరిగిందని రాస్తే బాగుండదని, ఫంక్షన్ హాల్లో ఘనంగా జరిగిందని రాసేశాడు. ఎవరిదో పెళ్లి ఆల్బంలో నుంచి హాలు ఫొటోలు కూడా తెచ్చి జతచేశాడు. ఇంటర్వ్యూలో అధికారి ఆ హాలు ఏ ఊళ్లో ఉందని అడిగాడు. ఆ పిల్ల ఆ హాలును ఎన్నడూ చూడలేదు. వీసా రాలేదు. ఏడుస్తూ మా దగ్గరికొచ్చింది.

వహీద్ సాబ్ ఆమెకు చాయ్ ఇప్పించి, అసలు పెళ్లి ఫొటో ఏమైనా ఉందా అని అడిగారు. ఒక్కటే ఉంది. ఇంటి ముందు పందిరి, దండలతో ఇద్దరు, ఒక మూల నుంచి బర్రె తల లోపలికి పెట్టి చూస్తోంది. ఆ బర్రె వల్లే సిగ్గుపడి ఏజెంటుకు ఆ ఫొటో ఇవ్వలేదట. మేము దాన్నే పైన పెట్టి, జరిగింది జరిగినట్టు రాసి మళ్లీ పంపాం. చాలా ఆలస్యమైంది కానీ ఆ పిల్ల భర్త దగ్గరికి వెళ్లింది.

ఆ ఏజెంటు చెడ్డవాడేం కాదు. నిజాన్ని చూసి సిగ్గుపడ్డాడు, అంతే. ఈ వృత్తిలో పనికిరాని గుణం అదొక్కటే.

హెలెన్

వహీద్ సాబ్ కోర్టుకు రావడం మానేశాక ఆ ఆఫీసు నాదైంది. ఆయన మాత్రం రోజూ సాయంత్రం వచ్చి తన పాత కుర్చీలో కూర్చునేవారు. అలాంటి ఒక సాయంత్రం హెలెన్ వచ్చింది.

ఆమెది కెనడా. తొంభైల నడుమ, కాలువ చివరి పొలాలకు నీళ్లు ఎందుకు అందడం లేదో కొలిచే ప్రాజెక్టు మీద మా ప్రాంతానికి వచ్చింది. మగవాళ్ల చెప్పులు వేసుకుని, లూనా మీద కాలువ గట్టంతా తిరిగేది. ఎండకు ముఖం టమాటాలా ఎర్రబడేది. హెలెన్ అనే పేరు మా వాళ్ల నోట నిలవలేదు. ఒకరిద్దరు ఎలెనమ్మ అన్నారు, తర్వాత ఊరంతా కలిసి ఎల్లమ్మను చేసేశారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది.

ఆమెకు భాష చెప్పడానికి ప్రాజెక్టు వాళ్లు రూప్‌సింగ్‌ను పెట్టారు. తండా కుర్రాడు, డిగ్రీ వరకు చదివాడు. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, సరిహద్దు సంతల్లో మరాఠీ, కొద్దిగా ఇంగ్లీషు. ప్రాజెక్టు ముగిసింది, ఆమె వెళ్లలేదు. తండాలో వాళ్ల పద్ధతిలో పెళ్లి చేసుకుంది. బాన్సువాడలో కిరాయి ఇంట్లో కాపురం పెట్టారు. రూప్‌సింగ్ మోటర్ వైండింగ్ షాపు పెట్టాడు. పెళ్లిని రిజిస్టర్ చేయించింది నేనే, కాబట్టి ఇద్దరూ నాకు తెలిసినవాళ్లే.

ఆ సాయంత్రం హెలెన్ కూర్చోకుండానే మొదలుపెట్టింది. "వకీలమ్మా, మా అక్కకు బూత్ల నుంచి ఫోన్ చేసిన. ఆడ గోధుమ చేను తానొక్కతే చేస్తుంది. ఆమెతోని అయితలేదు. మమ్ముల రమ్మంటుంది, ఇద్దర్ని. రూప్‌సింగ్ పోదామంటుండు."

రూప్‌సింగ్ కళ్లు మెరుస్తున్నాయి. "ఒక్క చెల్కనే మన తండంత ఉంటదట అమ్మా! మిషన్లన్ని వాళ్లయే. చెడిపోతే బాగుచేసేటోడు దొర్కుతలేడట. నేనున్న గద!"

"మంచిదే," అన్నాను. "హెలెన్, నువ్వు ముందు వెళ్లు. అక్కడి నుంచి ఇతన్ని పిలిపించుకో. అందరూ అలాగే చేస్తారు, అది సులువు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అందరు చేస్తరు. నేను చూసిన. మా గల్లీల దుబాయి పోయినోళ్ల ఇండ్లు ఎన్ని లేవు? నాయిన పోయిననాడు పొట్టల ఉన్న పోరి, నాయిన తిరిగొస్తే ఎవలో అని తలుపు ఎనక దాక్కుంటది. నాకు గట్ల వద్దు. పోతే ఇద్దరం ఒక్క బస్సెక్కాలె. లేకుంటే పోము."

మూల కుర్చీలోంచి వహీద్ సాబ్ "షాబాష్" అన్నారు.

హైదరాబాదు వెళ్లి ఆ దేశపు నిబంధనలు తెచ్చుకుని చదివాను. మార్గం ఉంది. విదేశంలో నివసిస్తున్న పౌరురాలు అక్కడి నుంచే భర్త కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే: భర్తకు వీసా వచ్చాక తానూ స్వదేశానికి వచ్చి అక్కడే ఉంటుందని అధికారులకు నమ్మకం కలగాలి.

'విదేశంలో నివసిస్తున్న పౌరురాలు' అన్న మాట దగ్గర ఆగిపోయి కిటికీలోంచి బయటికి చూశాను. చెరకు ట్రాక్టరు ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది, వెనక బస్సు డ్రైవరు హారన్ మోగిస్తూ తిడుతున్నాడు. ఆ విదేశం మా బాన్సువాడ! అప్పటిదాకా నా బల్ల ముందు కూర్చున్న వాళ్లందరికీ విదేశమంటే సముద్రం అవతలే. మొదటిసారి మేమే అవతలి ఒడ్డు అయ్యాం. నాకు ఒళ్లు పులకరించింది. ఇలాంటి దరఖాస్తు జిల్లాలో ఎవరైనా పెట్టారో లేదో తెలియదు. నేను మాత్రం పెట్టి తీరాలనుకున్నాను.

సంచీడు సాక్ష్యం

పెళ్లి నిజమైనదని చూపించే ఆధారాలు తెమ్మన్నాను. మర్నాడు రూప్‌సింగ్ యూరియా సంచీ నిండా తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. తండాలో అద్దాల లంగా కట్టుకుని హెలెన్ ఆడవాళ్లతో కలిసి ఆడుతున్న ఫొటో, ఇంటి కిరాయి రసీదులు, షాపు బోర్డు మీద ఇద్దరి పేర్లు, దవాఖాన చీటీలు. నేను సంతోషంగా ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. చూస్తూ చూస్తూ నా ఉత్సాహం చల్లారింది.

వహీద్ సాబ్ గమనించారు. "ఏంది బేటీ?"

"సాబ్, వీళ్లు మొగుడూ పెళ్లాలని వీటిలో దేన్ని చూసినా తెలుస్తుంది. కానీ ప్రతి కాగితమూ వీళ్లు ఇక్కడే ఉండిపోతారని కూడా చెబుతోంది."

పిల్లలూ, ఈ కేసు చిక్కంతా ఇక్కడే ఉంది. కాపురం ఎంత గట్టిగా చూపిస్తే బాన్సువాడ అంత గట్టిగా కనబడుతుంది. బాన్సువాడను తగ్గించి చూపిస్తే కాపురం పలచబడుతుంది. ఎటు లాగినా రెండోవైపు చిరుగుతోంది. హెలెన్ అక్క రాసిన ఉత్తరం ఒకటి జతచేసి, ఢిల్లీలో ఉన్న ఆ దేశపు వీసా ఆఫీసుకు ఉన్నది ఉన్నట్టు పంపాం.

ఎదురుచూపు మొదలైంది. ఆ ఎదురుచూపులోనే హెలెన్‌కు నెల తప్పింది. ఆ వార్త చెప్పడానికి రూప్‌సింగ్ మిఠాయి పట్టుకుని పరుగున వచ్చాడు. తిన్నాం, నవ్వుకున్నాం. ఆ తర్వాత నెలలు లెక్కపెట్టాం. నెలలు నిండుతుంటే విమానం వాళ్లు ఎక్కించుకోరు. బిడ్డ పుట్టాక వెళ్లాలంటే ఆ పసిదానికి వేరే కాగితాలు, మళ్లీ ఆలస్యం. హెలెన్ అక్క అప్పటికే చేను వేరేవాళ్లకు కౌలుకిచ్చే ఆలోచనలో ఉంది. విత్తనాల కాలం లోపు వీళ్లు రాకపోతే ఇచ్చేస్తానని చెప్పింది.

అప్పుడే ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. పెళ్లి మీద కొన్ని సందేహాలున్నాయి, పౌరురాలు తిరిగివచ్చి నివసిస్తుందనే నమ్మకం ఇంకా కలగలేదు, ఇద్దరూ ఇంటర్వ్యూకు రావాలి.

ఆ సంగతి ఎలా తెలిసిందో, నిజామాబాదు నుంచి ఒక ఏజెంటు రూప్‌సింగ్ షాపుకు వచ్చాడు. కెనడాలో హెలెన్‌కు పెద్ద ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం సృష్టించి ఇస్తానన్నాడు. రూప్‌సింగ్ నా దగ్గరికి వచ్చి తలదించుకుని అడిగాడు.

"గది ఒక్కటి పెడితే పనైతదంటుండు అమ్మా. బిడ్డ వస్తుంది గద. నాకు భయమైతుంది."

వెనకనే హెలెన్ వచ్చింది. నా ముందే మొగుడి మీద విరుచుకుపడింది. "ఏండ్లకేండ్లు నీళ్లు కొలిచిన రూప్‌సింగ్! లేని నీళ్లు ఉన్నయని ఒక్కనాడన్న రాసిన్నా? ఇప్పుడు రాయమంటవా?"

"రేపు బిడ్డ కోసం నువ్వొక్కదానివే పోతే నేనెట్ల ఉండాలె మరి? ఫికర్ నాకు లేదా?"

ఇద్దరూ సగం తెలుగులో సగం లంబాడీలో అరుచుకున్నారు. బయట ప్లీడరు గుమస్తాలు తొంగిచూశారు. ఆ అరుపుల మధ్య వహీద్ సాబ్ నెమ్మదిగా అన్నారు:

"జర ఆగుండ్రి. నిజంగ పోతున్నరా మీరు?"

"పోతున్నం సాబ్."

"మరి పోయేటోళ్ల లెక్క ఎందుకు లేరు? షాపు తాళం నీ దగ్గర్నే ఉన్నది. ఇల్లు ఖాళీ చేస్తమని చెప్పలేదు. వీసా వచ్చినంక పోవుడు కాదు, ఇయ్యాల్టి నుంచే పోవుడు మొదలుపెట్టుండ్రి. గప్పుడు చూపించెతందుకు ఏదన్న ఉంటది."

నాకు తోచని మాట అది. కేసు గెలవడానికి కాగితం ఎలా మార్చాలా అని నేను ఆలోచిస్తున్నాను, ఆయన వాళ్ల బతుకే కదలాలన్నారు. అందులో ప్రమాదమూ ఉంది. వీసా రాకపోతే ఇక్కడా ఏమీ మిగలదు. ఆ మాట నేను దాచకుండా చెప్పాను. హెలెన్ మొగుడి ముఖంలోకి చూసింది. రూప్‌సింగ్ జేబులోంచి షాపు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"సరే," అన్నాడు. "మా బావకిస్త."

ఆ వారమే షాపు వాళ్ల బావ చేతికి వెళ్లింది. ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటావిడకు చెప్పారు. అప్పుడప్పుడే కోటగిరి వైపు వరికోత మిషన్లు వస్తున్న రోజులు. మా చిన్నాన్న కొడుకు ఒకటి కొన్నాడు. రూప్‌సింగ్ ఆ సీజనంతా ఆ మిషను మీద పనిచేశాడు. రాత్రికి వచ్చేటప్పటికి జుట్టు నిండా వరి నూగు, ఒళ్లంతా దురద. కానీ ముఖం వెలిగిపోయేది. బెల్టు ఎక్కడ జారుతుందో, తడి గడ్డి ఎక్కడ చుట్టుకుంటుందో నాకు వద్దన్నా చెప్పేవాడు.

రాజవ్వ మాట్లాడింది

వాళ్లింట్లో ఫోను లేదు. దరఖాస్తులో నా ఆఫీసు నంబరు ఇచ్చాం. ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు మధ్యాహ్నం ఫోను మోగింది. ఢిల్లీ నుంచి వీసా అధికారి. మర్యాదగానే మాట్లాడారు. ఈ దంపతుల ఇంటావిడతో ఇప్పుడే మాట్లాడాలి, ఆమెకు ముందుగా ఏమీ చెప్పవద్దు, మధ్యలో మీరు మాట్లాడవద్దు అన్నారు.

ఇంటావిడ రాజవ్వ ఇల్లు మా ఆఫీసుకు ఎదురుగానే. పిలిపించాను. చేతులకు పచ్చడి కారం అలాగే ఉంది, కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. రిసీవరు చెవికి తలకిందులుగా పెట్టుకుంటే సరిచేశాను. అవతల హిందీ మాట్లాడే ఇంకొకాయన ప్రశ్నలు అడుగుతున్నాడు. రాజవ్వ అడిగింది అర్థమైనంత వరకు అర్థం చేసుకుని, తనకొచ్చిన హిందీలో తెలుగు కలిపి జవాబిస్తోంది. ఢిల్లీ అంటే దూరం కదా, గొంతు పెంచాలని ఆమె నమ్మకం. కోర్టు ఆవరణంతా వినబడింది.

"ఆఁ, మా ఇంట్లనే ఉంటరు! కిరాయికి... మొగుడు పెండ్లామే, ఇంకెవలు?... కొట్లాడతరా? రోజు కొట్లాడతరు! గామె ఉప్పు తక్కువేస్తది, గాయన ఎక్కువ అడుగుతడు... ఎవలు వంట? పొద్దుగాల గాయన, పొద్దుమీకి గామె."

నేను లోలోపల గంతులేస్తున్నాను. ఏ సర్టిఫికెట్టు చెప్పగలదు ఈ సాక్ష్యం! అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. రాజవ్వ ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

"ఏంది? కెనడా పోతరా? పోరు! యాడికి పోతరు? కడుపుతోని ఉన్న పిల్ల... గా సల్లటి దేశంల ఎవలు చూస్తరు? నేను పోనియ్య! పోరు సార్, మీరు గా కాగితం చింపెయ్యుండ్రి!"

అని ఫోను ఠపీమని పెట్టేసింది.

ఆమె నా వైపు తిరిగి, "మంచిగ చెప్పిన గద వకీలమ్మా?" అంది. కళ్లలో నీళ్లు. "బాగా చెప్పావు అవ్వా," అన్నాను. నిజానికి బాగానే చెప్పింది. మనసులో ఉన్నదే చెప్పింది.

ఆ సాయంత్రం హెలెన్‌కు ఈ సంగతి చెబితే తల పట్టుకుంటుందనుకున్నాను. ఆమె విని విని, చివరికి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "ఆమె మీద కోపం చెయ్యకుండ్రి," అంది. రూప్‌సింగ్ మాత్రం నవ్వలేదు.

ఢిల్లీ

నేనూ వాళ్లతో రైలెక్కాను. వెళ్లాల్సిన అవసరం లేదు, లోపలికి రానివ్వరని కూడా తెలుసు. కానీ ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. నేనూ ఢిల్లీ చూడటం అదే మొదటిసారి. చలికాలం. రూప్‌సింగ్‌కు మా ఆయన కోటు తొడిగించాను. చేతులు పొట్టిగా ఉండి మణికట్లు బయటికి కనబడుతున్నాయి.

వాళ్లు లోపలికి వెళ్లారు. నేను రోడ్డవతల చాయ్ బండి దగ్గర నిలబడి, గేటు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతూ గడిపాను. చివరికి హెలెన్ బయటికి వచ్చింది, వెనకే రూప్‌సింగ్. ఏడుస్తోంది. గబగబా ఎదురెళ్లాను. దగ్గరికి వచ్చాక తెలిసింది, అది ఆ ఏడుపు కాదని.

లోపల జరిగింది ఇద్దరూ ఒకరి నోట్లోంచి ఒకరు మాట లాక్కుంటూ చెప్పారు. అధికారి మధ్యవయసు మనిషి, తక్కువ మాటలు. ముందు పెళ్లి గురించి అడిగి, ఆ విషయంలో ఇక సందేహం లేదన్నారట. తర్వాత, "మీరు వెళ్లరని మీ ఇంటావిడ అంత గట్టిగా ఎందుకు చెప్పింది?" అని అడిగారు.

హెలెన్ జవాబిచ్చింది. "మేము ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పాం కాబట్టి. ఆ రోజు నుంచి ఆమె సరిగా అన్నం తినడం లేదు. మేము ఉండిపోయే వాళ్లమైతే ఆమె మీ మీద అరవాల్సిన పనేముంది?"

అధికారి రాసుకోవడం ఆపేశారట. తర్వాత రూప్‌సింగ్ వైపు తిరిగి, అక్కడికి వెళ్లి ఏం చేస్తావని అడిగారు. కోత మిషను మాట రాగానే ఇతనికి భయం పోయింది. ఇంగ్లీషు తడబడుతుంటే చేతులతో చూపించాడట: ఇది రీలు, ఇది బెల్టు, తడి పంట ఇక్కడ చుట్టుకుంటుంది, ఇలా విప్పాలి. లేచి నిలబడి మరీ చూపించాడు. మా ఆయన కోటు చంక దగ్గర చిరిగింది కూడా.

అధికారి చివరి ప్రశ్న అడిగారు. "అక్కడి చలి ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

రూప్‌సింగ్ ఏమన్నాడో అతని మాటల్లోనే చెప్తాను. రోడ్డు పక్కన నిలబడి నాకు తెలుగులో మళ్లీ చెప్పాడు.

"తెల్వదు సార్ అన్న. మంచు నేను ఎన్నడు చూడలే. గని గీమె మా ఎండల ఆరేండ్లు ఉన్నది. మొఖం కాలిపోతున్నా ఒక్కనాడు పోతనన్లే. గామె మంచుల నేనుండుడు ఎంత పని సార్ అన్న."

హెలెన్‌కు ఏడుపు వచ్చింది అప్పుడేనట. ఆరేళ్లలో ఆ ఎండ సంగతి అతను ఒక్కసారి కూడా ఎత్తలేదు. గమనించలేదనే ఆమె అనుకుంది.

వైద్య పరీక్షలు చేయించి పాస్‌పోర్టు పంపమన్నారు. అంటే సగం తలుపు తెరుచుకున్నట్టే. ఢిల్లీ రోడ్డు మీద, నలభై దాటిన వకీలును, ఆ ఇద్దరి చేతులూ పట్టుకుని చిన్నపిల్లలా ఎగిరాను. చాయ్ బండి అతను ఏమిటని అడిగి, విని, మాకు చాయ్ ఉచితంగా ఇచ్చాడు.

కోర్టు మధ్యలో

పాస్‌పోర్టు వెనక్కి వచ్చిన రోజు నేను మున్సిఫ్ కోర్టులో ఒక కిరాయి తగాదా వాదిస్తున్నాను. ద్వారం దగ్గర రూప్‌సింగ్ ప్రత్యక్షమయ్యాడు. కోర్టులో మాట్లాడకూడదని తెలుసు. చెయ్యి పైకెత్తి నీలిరంగు పాస్‌పోర్టు ఊపుతున్నాడు. నా వాదన మధ్యలో ఆగింది. జడ్జి గారు నా చూపు వెంట చూసి, "ఏమిటది?" అన్నారు.

"యువర్ ఆనర్... మన ఎల్లమ్మ భర్తకు వీసా వచ్చింది."

ఎదుటి పక్షం వకీలు లేచాడు. అభ్యంతరం చెబుతాడనుకున్నాను. "నిజంగనా?" అన్నాడు. జడ్జి గారు నవ్వు ఆపుకుంటూ మిగతా వాదన మధ్యాహ్నానికి మార్చారు. వరండాలో వహీద్ సాబ్ రూప్‌సింగ్‌ను కౌగిలించుకున్నారు. ఆయన కళ్లజోడు కిందపడింది, ఎవరూ చూసుకోలేదు.

డాక్టరమ్మ చూసి, వెంటనే బయల్దేరితే ప్రయాణానికి ఇబ్బంది లేదంది. ఆలస్యమైతే మాత్రం తాను ఒప్పుకోనంది. అందరం పరుగులు పెట్టాం.

ఇద్దరూ ఒక్క బస్సు

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను ఇవ్వగలిగిన సలహా చిన్నది. భార్యాభర్తల కేసు చేతికొస్తే, వాళ్లను విడగొట్టే సులువు దారి ముందు కనబడుతుంది. ఒకరు ముందు, ఒకరు వెనక. కొన్నిసార్లు అది తప్పదు కూడా. కానీ కలిసి వెళ్లే దారి ఉందేమో వెతకకుండా ఆ మాట చెప్పకండి. చెప్పే మనకు అది రెండు నిమిషాల పని. వినేవాళ్లకు కొన్నేళ్ల బతుకు. ఇంకొక మాట: కక్షిదారుకు ప్రమాదం ఉందంటే ఉందని చెప్పండి. హెలెన్ కేసు గెలిచింది కాబట్టి ఇంత హుషారుగా చెబుతున్నాను. ఓడిపోయి ఉంటే షాపు లేని, ఇల్లు లేని ఆ ఇద్దరి ముందు నేను నిలబడాల్సి వచ్చేది. అందుకు కూడా సిద్ధపడ్డాకే ఆ దారి పట్టాను.

వాళ్లు బయల్దేరిన పొద్దున బాన్సువాడ బస్టాండు నిండిపోయింది. తండా మొత్తం రెండు ట్రాక్టర్లలో దిగింది. రాజవ్వ పచ్చడి జాడీ పట్టుకుని వచ్చింది, విమానంలో ఎక్కనివ్వరని ఎవరు చెప్పినా వినలేదు. హైదరాబాదు బస్సు కండక్టరు టైమైందని విజిల్ వేయబోయి, ఆ గుంపును చూసి తానే దిగి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఆ పాట నేను తండా పెళ్లిళ్లలో విన్నాను. పెళ్లికూతురిని అత్తారింటికి సాగనంపేటప్పుడు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, గొంతెత్తి ఏడుస్తూ పాడతారు. వాళ్లు దాన్ని రూప్‌సింగ్ మెడ మీద చేతులు వేసి పాడుతున్నారు. ముందు పరాచకానికే మొదలుపెట్టారు, ఎవరికీ నవ్వు ఆగలేదు. రెండో చరణానికి వచ్చేసరికి నవ్వేవాళ్లు ఎవరూ లేరు. మీసాలున్న ఆ మనిషి, సరిగ్గా పెళ్లికూతురిలాగే, వెక్కివెక్కి ఏడ్చాడు.

వాళ్లమ్మ జమ్లీబాయి గుంపును తోసుకుంటూ హెలెన్ ముందుకు వచ్చింది. ఆమె చెయ్యి తీసుకుని, కొడుకు చెయ్యి అందులో పెట్టింది.

"కోడలా, వీడు ఇల్లు ఇడిచి ఎన్నడు ఉండలే. కోపమొస్తే తిట్టు. గని ఆకలికి పెట్టుడు మరువకు. మంచిగ చూస్కో నా పోరన్ని."

హెలెన్ ఆ కడుపుతోనే వంగి ఆమె కాళ్లకు మొక్కి, లంబాడీలో అమ్మా అని పిలిచింది. "చూస్కుంట యాడీ. నీ కొడుకును ఏడ్పియ్య," అంది.

కండక్టరు విజిల్ వేశాడు. ముందు రూప్‌సింగ్ ఎక్కి, వెనక్కి తిరిగి, పెళ్లాం చెయ్యి పట్టుకుని పైకి లాగాడు.